పాత మిషన్లకు చెవి ఆనించే మా మామ

పోయిన నెల మా మామ కుప్పంలో కన్నుమూశాడు. మామ అంటే మా ఆయన వాళ్ళ నాయన. ఫోను మోగినప్పుడు మదనపల్లెలో మా షెడ్డులో ప్లానర్ మిషన్ తిరుగుతోంది. మిషన్ ఆపి నేనే ఎత్తాను. కుప్పంలో ఉన్న మా ఆడబిడ్డ ఏడుస్తూ చెప్పింది. పొద్దున్నే ఎవరికోసమో ఒక పాత మిషన్ చూసేదానికి పోయినాడంట, మధ్యాహ్నానికి తిరిగొచ్చి సంకటి, పప్పు తిన్నాడంట, కాసేపు నడుం వాలుస్తానని చాప మీద పడుకున్నాడంట, మళ్ళీ లేవలేదంట. ఏడుపు మధ్యలోనే ఇంకో మాట కూడా అంది. "తినేటప్పుడు సెప్పినాడు వదినా, ఆ మిషన్‌కు బేరింగు బాగలేదంట. వద్దని వాళ్ళకు సెప్పమన్నాడు."

డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ఆఖరి మాట కూడా బేరింగు గురించే. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు ఆపుకోవాలో తెలియలేదు.

పుంగనూరులో ఒక శెనక్కాయ నూనె మిల్లులో ఆయన ముప్పై ఏళ్ళు ఫిట్టరుగా పనిచేశాడు. మిల్లు మోతకు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగం పోయింది. నేను కోడలిగా వచ్చిన కొత్తలో "మామా, అన్నం పెట్టేదా?" అని నాలుగుసార్లు అరిస్తే గానీ తల తిప్పేవాడు కాదు. కానీ వంటింట్లో గ్రైండరు వేస్తే చాలు, వసారాలో నుంచి లేచి వచ్చేవాడు. "అమ్మా, దాని బేరింగులో గుండు ఒకటి అరిగిపొయ్యుండాది. ఇంకో నెల వస్తాదేమో సూడు." సరిగ్గా నెలకు గ్రైండరు మొరాయించేది. మనుషుల మాటలు వినపడని ఆ చెవికి ఇనుము మాటలు ఎట్లా వినపడతాయో మాకెవరికీ అర్థమయ్యేది కాదు. పెళ్ళికి పోతే పందిట్లో కూర్చోడు, జనరేటరు దగ్గర నిలబడతాడు. ఎవరింట్లో ఫ్యాను కిందైనా కూర్చుంటే ముందు పైకి చూసి, తర్వాతే ఆ ఇంటివాళ్ళను క్షేమం అడుగుతాడు. కొత్తలో నాకు సిగ్గుగా ఉండేది. తర్వాత నేనూ పైకి చూడ్డం మొదలుపెట్టాను.

ఆయన చేసిన మేలు చెప్పాలంటే మా ఇంట్లో జరిగిన ఒక రభస చెప్పాలి.

మా ఆయన వడ్రంగి. కొడుకును కూడా ఫిట్టరును చెయ్యాలని మామ కోరిక. ఈయనేమో పదో తరగతి కాగానే చెప్పకుండా పోయి ఒక వడ్రంగి మేస్త్రి దగ్గర చేరాడు. అప్పుడు మొదలైన అలక సగం మానింది, సగం అట్లాగే ఉంది. తొంభై ఏడులో మా ఆయన కుడి భుజం పట్టేసింది. ఇరవై ఏళ్ళు చిత్రిక తోసిన భుజం. చెయ్యి పైకి లేవదు. ఇక తోపుడు పని చేస్తే ఆ చెయ్యి పూర్తిగా పోతుందని డాక్టరు చెప్పాడు. ఆ రోజు మామ ఊరుకుని ఉంటే సరిపోయేది. ఊరుకోలేదు.

"ఇనుము పట్టుకోరా అంటే కొయ్య పట్టుకున్నావు. ఇప్పుడు సూడు."

"నేనేమన్నా నిన్ను అడిగినానా?" అన్నాడు మా ఆయన.

అంతే. ఆ రోజు నుంచి తండ్రీ కొడుకుల మధ్య మాటల్లేవు. ఇల్లు ఒకటే, వసారా ఒకటే, పక్కపక్కనే కూర్చుని తింటారు. మాటలు మాత్రం నా మీదుగా పోవాలి. "అమ్మా, వాడికి మజ్జిగ కావాలేమో అడుగు." "వద్దని సెప్పు." ఇద్దరికీ మధ్య జానెడు దూరం. నేను ఆ మాట పట్టుకుని ఈ జానెడు దూరం మోసుకుపోవాలి. అందులోనూ మామకు సగం చెవుడు కాబట్టి, మా ఆయన మెల్లగా అన్నది నేను గట్టిగా అరిచి చెప్పాలి. ఏడాదికి పైగా అదే నా ఉద్యోగం.

భుజం అట్లా ఉంటే ఇంక రెండే దారులు. టమోటా మార్కెట్ యార్డులో వాచ్‌మన్ పని ఉంది, ఉగాదికి వచ్చి చేరమన్నారు. లేదా ఒక ప్లానర్ మిషన్ కొనుక్కోవాలి. ఎరగనివాళ్ళకు చెప్తాను. అందులో రెండు పొడవాటి ఇనప బల్లలు ఒకే వరసలో ఉంటాయి, వాటి మధ్య కత్తులు బిగించిన రోలరు తిరుగుతుంటుంది. పలకను ఒక బల్ల మీద పెట్టి రెండో బల్ల మీదికి జరిపితే అంచు తిన్నగా వచ్చేస్తుంది. భుజంతో పనిలేదు, అరచేతులు చాలు. కొత్తది కొనే తాహతు మాకు లేదు. పాతది కొనాలి. పాతది కొని మోసపోతే మళ్ళీ కొనే సత్తువ ఉండదు, వాచ్‌మన్ పనే గతి. యూనిఫారం వేసుకుని గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న మా ఆయన్ను తలుచుకుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. ఆ పనిలో తప్పేమీ లేదు. ఆయన చేతులు అట్లా ఊరికే ఉండలేవు, అంతే.

"అమ్మా, మిషన్ సూసేదానికి పోయేటప్పుడు నన్నూ పిలవమని వాడికి సెప్పు," అన్నాడు మామ.

"వస్తే రమ్మను," అన్నాడు మా ఆయన.

ఇద్దరూ మాట్లాడుకోరు కాబట్టి నేనూ పోవాల్సి వచ్చింది. లేకపోతే ఏ కోడలు మామతో కలిసి పాత ఇనుము చూసేదానికి పోతుంది?

మామ ఒక గోనెసంచి సర్దుకున్నాడు. మిల్లులో ఉండగా తానే ఆకురాయితో అరగదీసి తిన్నగా చేసుకున్న ఒక ఇనప బద్ద, దాన్ని చుట్టేదానికి నా పాత చీర. మగ్గాల వీధిలో అడిగి తెచ్చుకున్న పట్టుపోగు. పొడవాటి స్క్రూడ్రైవరు, ఒక స్పానరు. చిన్న సీసాలో కిరసనాయిలు. తర్వాత పుంగనూరుకు పోయేటప్పుడు బస్సులో కండక్టరు ఆ బద్దను చూసి లగేజీ టికెట్టు కొట్టాలన్నాడు. "దీనికి టికెట్టు కొడితే ఇది సీట్లో కూర్చుంటాది, నువ్వు నిలబడాల," అన్నాడు మామ. కండక్టరు నవ్వి పోనిచ్చాడు.

మొదట చూసింది మదనపల్లెలోనే. అమ్మేవాడు అది ఫారిన్ మిషన్ అన్నాడు. రుజువుగా దాని మీద రేకు బిళ్ళను చూపించాడు. దాని మీద ఇంగ్లీషు అక్షరాలున్నాయి. మామ వేలికి కిరసనాయిలు తడి చేసుకుని బిళ్ళను తుడిచి, నన్ను చదవమన్నాడు. చదివాను. అది బోరు మోటరు బిళ్ళ. మామ మిషన్ కాళ్ళను స్పానరుతో తట్టాడు, టక్ టక్‌మని రేకు డబ్బాలాగా పలికింది. "పోత ఇనుము కాదమ్మా ఇది, రేకులు అతికించి యాడనో సేసినారు. పేరును సూసి కాదు, మోతను ఇని కనుక్కోవాల ఎవరి బిడ్డో," అని బయటికొచ్చాక అన్నాడు.

ఆయన వరస ఎప్పుడూ ఒకటే. ముందు చెవి, తర్వాత చెయ్యి, ఆఖరున కన్ను. "కంటితో మొదలుపెడితే రంగు సూసి పడిపోతాం," అనేవాడు. ఇంకో నియమం కూడా ఉంది. చూడ్డం అయ్యేదాకా అమ్మేవాళ్ళ ఇంట్లో కాఫీ ముట్టేవాడు కాదు. కాఫీ తాగితే మొహమాటం వస్తుందట. ఎంత మంచి కాఫీ అయితే అంత జాగ్రత్తగా చూడాలట.

రెండోది పుంగనూరులో. ఆయుధపూజ అయిన మూడో నాడు పోయాం. అది ఒక రంపపు మిల్లు. ప్లానర్ మిషన్ పెళ్ళికూతురులాగా ఉంది. ఆకుపచ్చ రంగు నిగనిగలాడుతోంది. రెండు పక్కలా అరటి పిలకలు, మీద చామంతి దండ. రెండో బల్ల మీద పళ్ళెమంత పసుపు, దాని మీద దోసిలంత కుంకుమ. మా ఆయన మొహం విచ్చుకుంది. ఎంత భక్తిగా చూసుకున్నారో అన్నాడు. మామ రోలరును చేత్తో తిప్పి, స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద, పిడి చెవి వెనక ఎముక మీద ఆనించి విన్నాడు. బాగుంది. రోలరును కొసలో పట్టి పైకి ఎత్తి చూశాడు, కదలలేదు. అదీ బాగుంది. "ఇంకేం సూస్తాడంట?" అన్నాడు మా ఆయన నాతో. అక్కడికక్కడే బేరం కుదుర్చుకునేటట్టున్నాడు.

పూజ చేసిన కుంకుమను ఎవరు తుడుస్తారు? తుడిచి చూడాలన్న ఆలోచన మా ఆయనకు రాలేదు. నిజం చెప్పాలంటే నాకూ రాలేదు. మన ఇళ్ళల్లో పూజ చేసిన దాని మీద కుంకుమ దానంతట అది రాలిపోవాల్సిందే గానీ చెయ్యి పెట్టం. అమ్మేవాడు దాన్ని నమ్ముకునే ఉన్నాడు.

మామ బద్దను పక్కన పెట్టి చేతులు జోడించాడు. "అప్పా, పూజయి మూడు దినాలయింది కదా. గుళ్ళో అయితే పాత పూలు, కుంకుమ తీసి దేవుడికి అభిషేకం సేసి మళ్ళా అలంకారం సేస్తారు. నేను సేసేదా?"

అమ్మేవాడు నీళ్ళు నమిలాడు. "ఇప్పుడెందుకులే పెద్దాయనా, ఇనుము మీద నీళ్ళు పోస్తే తుప్పు పడతాది."

"నీళ్ళు యాల పోస్తాను? నా కాడ ఇది ఉండాది," అని కిరసనాయిలు సీసా తీశాడు మామ. పూలను కళ్ళకద్దుకుని ఒక ఆకులో పెట్టాడు. కుంకుమ, పసుపు భక్తిగా ఇంకో ఆకులోకి తీశాడు. అడుగున కొత్త ఆకుపచ్చ రంగే ఉంది, ఏమీ కనిపించలేదు. మామ గోటితో గీకితే ఆ రంగు పొరలాగా లేచింది, పలక జారాల్సిన బల్ల మీద ఎక్కడా ఎవరూ రంగు వెయ్యరు కదా అన్నాడు. రంగు వూడిన చోట కిరసనాయిలు పోసి, కాసేపు ఆగి, గుడ్డతో తడి లేకుండా తుడిచాడు. జేబులో నుంచి విభూతి పొట్లం తీసి, ఇనుము మీద మూడు పట్టెలు పెట్టాడు. పెట్టి, పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని పుంగనూరు శెనక్కాయ మిల్లు కబుర్లు మొదలుపెట్టాడు. ఆయన దేనికోసం కూర్చున్నాడో మాకెవరికీ తెలియదు.

పది నిమిషాలకు విభూతి మీద ఒక గీత కనిపించింది. మూడు పట్టెలకూ అడ్డంగా, వెంట్రుకంత సన్నగా, నల్లగా. లోపలికి ఇంకిన కిరసనాయిలు పగులు దారిన పైకి ఊరి, పొడి విభూతిని తడిపింది. బల్ల పగిలి ఉంది.

మామ లేచి మళ్ళీ చేతులు జోడించాడు. "నేను మూడే పెట్నానప్పా. నాలుగోది దేవుడే పెట్టుకున్నాడు."

అమ్మేవాడు మొదట గోడ వైపు చూశాడు, తర్వాత పగలబడి నవ్వాడు, ఆ తర్వాత ఒప్పుకున్నాడు. లారీలో నుంచి దించేటప్పుడు జారి పడిందంట, వెల్డింగు పెట్టించాడంట. మామ కోప్పడలేదు. అట్లా అతికిన బల్ల నెలకోరకంగా వంగుతుందని, అయినా దాన్ని కట్టెలు పేర్చుకునే బల్లగా ఎట్లా వాడుకోవచ్చో కూడా చెప్పాడు. అప్పుడు కాఫీ అడిగి తాగాడు. మళ్ళీ మిషన్‌కు తన చేత్తోనే కుంకుమ బొట్టు పెట్టి వచ్చాడు.

తిరుగు బస్సులో మా ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. చాలాసేపటికి వెనక్కి తిరిగి నాతో అన్నాడు. "విభూతి బాగా పెట్నాడని ఆయనకు సెప్పు."

నేను మామ చెవిలో అరిచాను. బస్సంతా విన్నది. మామ కిటికీలో నుంచి బయటికి చూస్తూ, "వాడి ఎదురుగానే పెట్నా కదా," అన్నాడు.

మూడోది కుప్పంలో దొరికింది. మా ఆడబిడ్డ కబురు పెట్టింది. భర్త పోయిన ఒకామె ఇంట్లో పశువుల కొట్టంలో పడుందని, పాత ఇనుము వాళ్ళకు వేసేస్తానంటోందని. పోయి చూశాం. మిషన్ నిండా తుప్పు. రోలరు మీద కోళ్ళు పొదిగిన గడ్డి. ఒక పిడి లేదు. రెండేళ్ళ ముందే కరెంటు తీసేశారంట, తిప్పి చూసే వీలు కూడా లేదు. మా ఆయన లోపలికి కూడా రాలేదు. గుమ్మంలోనే నిలబడి, "దీనికోసమా ఇంత దూరం తెచ్చినాడు?" అన్నాడు.

మామ కోడిని బతిమాలి పక్కకు జరిపి, స్పానరుతో బల్లను తట్టాడు. మోగింది. నిజంగానే మోగింది, ఆ మోత కొట్టంలో కాసేపు నిలిచింది. ఆయన మొహం చూడాలి అప్పుడు. మనవడిని ఎత్తుకున్నప్పుడు కూడా అంత వెలుగు చూడలేదు నేను. అంగుళం మేర కిరసనాయిలు, ఇటుకపొడి పెట్టి రుద్దితే తుప్పు కింద ఇనుము తెల్లగా వచ్చింది. తుప్పు పైపైనే ఉంది, గుంటలు పడలేదు. పట్టుపోగును బల్లల ఈ మూల నుంచి ఆ మూలకు, ఇంకోదాన్ని అడ్డంగా లాగి కట్టాడు. రెండు పోగులూ మధ్యలో ఒకదాన్నొకటి తాకీ తాకనట్టున్నాయి. బల్లలు మెలి తిరగలేదన్నమాట. తర్వాత ఇనప బద్దను పెట్టి, దాని కింద ఆ రోజు బస్సు టికెట్టును దూర్చి చూశాడు. ఒక్క చోట కూడా దూరలేదు, ఎక్కడా పల్లం లేదు.

స్క్రూడ్రైవరు మాత్రం నా చేతికిచ్చాడు. "నేను ఇన్నాను. నువ్వూ ఇనమ్మా."

ఆయన రోలరు తిప్పాడు. నేను చెవి వెనక ఎముకకు పిడి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాను.

"ఏమినపడింది?"

"ఏమీ లేదు మామా. ఊరికే గాలి పోయినట్టుండాది."

"ఇసకను నమిలినట్టు లేదు కదా?"

"లేదు."

"ఆ ఏమీ లేనిదే మనకు కావాల్సింది," అన్నాడు.

అప్పుడు మామ చేసిన పనికి మా ఆయనకు ఒళ్ళు మండింది. ఆ ఇంటామెను పిలిచి, "అమ్మా, ఇది తుక్కు కాదు. మంచి మిషన్. తూకానికి వేస్తే నీ మొగుడి కష్టం మట్టిలో పోసినట్టే," అని చెప్పేశాడు.

"మనం కొనేదానికి వచ్చినామా, అమ్మిపెట్టేదానికి వచ్చినామా, అడుగు ఆయన్ను," అన్నాడు మా ఆయన గుమ్మంలో నుంచి.

"అబద్ధం సెప్పి తెచ్చుకుంటే రేపు దాని మీద చెయ్యెట్ల పెడతాడో అడుగమ్మా వాణ్ణి," అన్నాడు మామ.

నేను ఎవర్నీ ఏమీ అడగలేదు. ఇద్దరి మాటలూ ఇద్దరికీ వినపడ్డాయి. ఆ ఇంటామె మామనే చూస్తూ నిలబడి, తక్కువా ఎక్కువా కాకుండా ఒక ధర చెప్పింది. మా ఆయన తుప్పును చూసి వెనక్కి తిరుగుతున్నాడు. నేనే ఆపాను. "ఇదే కొందాం. నేను ఇన్నాను," అన్నాను. అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. నా మాట తప్పయితే ఆయన ఉగాదికి యార్డు గేటు దగ్గర కూర్చుంటాడు. అందుకు నేనే బాధ్యురాలిని. మా ఆయన నన్ను ఎగాదిగా చూసి, సరేనన్నాడు.

టమోటాలు దించి ఖాళీగా తిరిగొచ్చే లారీలో మిషన్‌ను మదనపల్లెకు తెచ్చాం. మామ ముందర డ్రైవరు పక్కన కూర్చోనన్నాడు. వెనక మిషన్ పక్కనే తాడు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఇరవై రోజులు షెడ్డులో ఒక్కడే ఇటుకపొడి, కిరసనాయిలు పెట్టి రుద్దుతూ కూర్చున్నాడు. మోచేతుల దాకా నలుపు. నేను అన్నానికి పిలిస్తే చేతులు చూపించి, ముద్దలు కలిపి పెట్టమనేవాడు. మా ఆయన మొదట గుమ్మం దాకా వచ్చి పోయేవాడు. తర్వాత లోపలికొచ్చి ఊరికే నిలబడేవాడు. కత్తులు నూరి పెట్టే రోజు వచ్చేసరికి, అడక్కుండానే ఎడమ చేత్తో దీపం పట్టుకున్నాడు. మాటలు మాత్రం లేవు.

ఉగాదికి ఇంకా వారం ఉందనగా కరెంటు ఇచ్చారు. మామ స్విచ్చి వేసి కుడి చెవి అటు తిప్పి నిలబడ్డాడు. మిషన్ గుర్రుమని లేచి, సన్నటి హోరులో కుదురుకుంది. మా ఆయన రెండు వేపపలకలు తీసుకున్నాడు. ఒక్కోదాన్ని అంచు మీద నిలబెట్టి, అరచేతులతో మెల్లగా జరిపాడు. భుజం కదలలేదు. పొట్టు వాన జల్లులాగా కింద పడింది.

అసలు పరీక్ష అప్పుడు. అంచు మీద అంచు పెట్టి రెండు పలకలనూ వెలుగుకు ఎత్తి పట్టుకోవాలి. మధ్యలో వెలుగు గీత కనిపిస్తే మిషన్ వంకర ఉన్నట్టు. మా ఆయన చెయ్యి అంత ఎత్తు లేవదు. ఒక కొస పట్టుకుని ఎత్తబోయి, సగంలో ఆగాడు. మామ వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి గుమ్మంలో ఎండకు ఎదురుగా ఎత్తారు. చెరో కొస నుంచి తల వంచి అతుకు వెంబడి చూసుకుంటూ మధ్యకు వచ్చారు.

"ఏమన్నా కనపడతాందా?" అన్నాడు మామ.

ఏడాది అలవాటు కదా, మోసుకుపోయేదానికి నేను నోరు తెరిచాను.

"లేదు నాయనా," అన్నాడు మా ఆయన. మామ చెవికి అందేటట్టు గట్టిగా, ఆయన వైపే తిరిగి అన్నాడు. "నా పక్క ఏమీ లేదు. నీ పక్క?"

"ఈ పక్కా లేదప్పా."

నేను నోరు మూసుకున్నాను. చూడాల్సింది అయిపోయింది, పలకలు దించేయొచ్చు. ఇద్దరూ దించలేదు. తిప్పి ఇంకోసారి పెట్టుకున్నారు, మళ్ళీ ఎత్తారు, వెలుగు రాని ఆ అతుకు దగ్గర రెండు తలలూ ఆనుకుని అట్లాగే చాలాసేపు చూస్తూ నిలబడ్డారు.